హెచ్ఐవీ మందులు వాడే పిల్లల్లో కొలెస్ట్రాల్ పెరుగుతోందా? మందు మాత్రం ఆపొద్దు.. తప్పక తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే

తొమ్మిదేళ్ల పిల్లాడు. మూడేళ్లుగా ఏఆర్టీ మందులు వాడుతున్నాడు. వైరల్ లోడ్ అదుపులోనే ఉంది. బరువు పెరిగాడు, బడికి వెళ్తున్నాడు, ఆడుకుంటున్నాడు. అంతా బాగుందనుకుంటున్న టైంలో రక్త పరీక్ష రిపోర్టులో 'టోటల్ కొలెస్ట్రాల్ 212' అని వచ్చింది. పక్కనే 'హై' అని రాసి ఉంది. 'ఇంత సన్నగా ఉన్న పిల్లాడికి కొలెస్ట్రాల్ ఏంటి? ఈ మందుల వల్లేనా? కొన్నాళ్లు ఆపేస్తే తగ్గుతుందా?' అని పెంచుతున్న అమ్మమ్మ కంగారు. హెచ్ఐవీతో జీవిస్తున్న పిల్లలున్న చాలా ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నలే ఇవి.

ఈ ప్రశ్నలకు జవాబు తెలుగు రాష్ట్రాలకు మరీ అవసరం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో 2021 అంచనాల ప్రకారం పెద్దల్లో హెచ్ఐవీ జాతీయ సగటు 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. అంటే రెండు చోట్లా సగటు కంటే ఎక్కువే. తల్లి నుంచి బిడ్డకు సోకిన కేసుల్లో చిన్నారులు జీవితాంతం మందులు వాడాలి. అందుకే ఆ మందులు ఒంట్లో కొవ్వుల్ని ఎలా మారుస్తాయో, ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు అక్కర్లేదో ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి.

అసలు రిపోర్టులో ఏముంటుంది?

లిపిడ్ ప్రొఫైల్ అనే పరీక్షలో ముఖ్యంగా నాలుగు అంకెలు ఉంటాయి. టోటల్ కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్. ఎల్‌డీఎల్‌ను చెడు కొలెస్ట్రాల్ అంటారు. ఇది ఎక్కువైతే ఏళ్ల తరబడి రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. హెచ్‌డీఎల్ మంచి కొలెస్ట్రాల్. ట్రైగ్లిజరైడ్స్ అంటే రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు. మనం తిన్న తిండిని బట్టి ఇవి గంటల్లోనే పెరిగి తగ్గుతుంటాయి.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. కొలెస్ట్రాల్ పూర్తిగా శత్రువు కాదు. మెదడు ఎదుగుదలకు, హార్మోన్ల తయారీకి పిల్లలకు అది కావాలి. సమస్య మోతాదు మించినప్పుడే.

మందు కంటే ముందే వైరస్ మార్చేస్తుంది

చాలామంది కొలెస్ట్రాల్ మార్పులన్నీ మందుల వల్లే అనుకుంటారు. నిజానికి మందు మొదలుపెట్టక ముందే హెచ్ఐవీ కొవ్వుల లెక్కను తారుమారు చేస్తుంది. చికిత్స లేని పిల్లల్లో సాధారణంగా హెచ్‌డీఎల్ పడిపోతుంది, ఎల్‌డీఎల్ కూడా తక్కువగా ఉంటుంది, ట్రైగ్లిజరైడ్స్ మాత్రం పెరుగుతాయి. ఒంట్లో నిరంతరం జరిగే ఇన్‌ఫ్లమేషన్, అంటే లోలోపలి వాపు, దీనికి ప్రధాన కారణం. సరిగ్గా తినలేకపోవడం, తరచూ విరేచనాలు, ఇన్‌ఫెక్షన్లు కూడా తోడవుతాయి.

మందు మొదలయ్యాక వైరస్ తగ్గుతుంది, పిల్లలు తినడం మొదలుపెడతారు, ఒళ్లు చేస్తారు. అప్పుడు టోటల్ కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ మూడూ పెరుగుతాయి. ఈ పెరుగుదలలో కొంత భాగం ఆరోగ్యం తిరిగి వస్తోందనడానికి గుర్తే. పడిపోయిన అంకె మామూలు స్థాయికి చేరడం వేరు, మామూలు గీత దాటి పైకి పోవడం వేరు. రిపోర్టు చూసే డాక్టర్ ముందుగా ఆలోచించేది ఈ తేడా గురించే. అందుకే మందు మొదలుపెట్టే ముందు చేసిన పాత రిపోర్టును జాగ్రత్తగా దాచుకోవాలి. అది లేకపోతే పోల్చి చూసే వీలుండదు.

ఏ మందుతో ఏం మార్పు?

హెచ్ఐవీ మందులన్నీ ఒకేలా పనిచేయవు. కొవ్వుల మీద వాటి ప్రభావం కూడా ఒకేలా ఉండదు.

- లోపినావిర్–రిటోనావిర్: ప్రొటీజ్ ఇన్హిబిటర్లు అనే రకం. చిన్నపిల్లల చికిత్సలో చాలా ఏళ్లు ఇదే కీలకం. ట్రైగ్లిజరైడ్స్, టోటల్ కొలెస్ట్రాల్ ఎక్కువగా పెంచే మందుల్లో ఇది ముందుంటుంది. ఇందులోని రిటోనావిర్ వల్ల కాలేయం కొవ్వు కణాలను ఎక్కువగా తయారు చేసి రక్తంలోకి వదులుతుంది, రక్తంలోంచి వాటిని తొలగించే పని నెమ్మదిస్తుంది.

- అటాజానావిర్–రిటోనావిర్: ఇదీ అదే కుటుంబం. కానీ లోపినావిర్‌తో పోలిస్తే కొవ్వుల మీద ప్రభావం తక్కువ.

- ఎఫావిరెంజ్: టోటల్ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అయితే దాంతో పాటు మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ కూడా కొంత పెరుగుతుంది.

- నెవిరాపిన్: హెచ్‌డీఎల్ పెంచడంలో దీనికి పేరుంది. కొవ్వుల విషయంలో పెద్దగా ఇబ్బంది పెట్టని పాత మందు.

- స్టావుడిన్: బుగ్గలు, చేతులు, కాళ్లలో కొవ్వు కరిగిపోవడం, ట్రైగ్లిజరైడ్స్ పెరగడం వంటి సమస్యలకు పేరుపడింది. 2009లోనే దీని వాడకాన్ని క్రమంగా ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

- టెనోఫోవిర్: ఇందులో రెండు రకాలున్నాయి. పాత రకమైన టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గించే గుణం ఉన్న మందు. దాన్నుంచి కొత్త రకమైన అలాఫెనమైడ్‌కు మారినప్పుడు ఆ తగ్గింపు పోయి, అంకెలు కాస్త పెరిగినట్టు కనిపిస్తాయి.

- డోలుటెగ్రావిర్: ఇంటిగ్రేజ్ ఇన్హిబిటర్ రకం. కొవ్వుల మీద దాదాపు ప్రభావం చూపదు. కొందరిలో బరువు పెరగడం కనిపిస్తుంది కాబట్టి ఆ ఒక్కటీ గమనిస్తూ ఉండాలి.

డోలుటెగ్రావిర్‌తో మారిన లెక్క

పిల్లల చికిత్సలో గత కొన్నేళ్లలో వచ్చిన పెద్ద మార్పు ఇదే. ఒడిస్సీ పేరుతో జరిగిన అంతర్జాతీయ ట్రయల్‌లో 707 మంది పిల్లలు, టీనేజర్లు పాల్గొన్నారు. వీరిలో ఎక్కువమంది ఆఫ్రికా దేశాల వారు. 2021 చివర్లో ఫలితాలు వచ్చాయి. 96 వారాల్లో డోలుటెగ్రావిర్ వాడిన వారిలో 14 శాతం మందికి చికిత్స విఫలమైతే, అప్పటి సాధారణ మందులు వాడిన వారిలో అది 22 శాతం. కొలెస్ట్రాల్ అంకెలు కూడా డోలుటెగ్రావిర్ వాడిన పిల్లల్లోనే మెరుగ్గా ఉన్నాయి.

మరో ఇబ్బంది కూడా తీరింది. లోపినావిర్ సిరప్ విపరీతమైన చేదు. పిల్లలు ఉమ్మేస్తారు. అందులో ఆల్కహాల్ శాతం కూడా ఎక్కువే. దాని బదులు నీళ్లలో కరిగే 5 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ మాత్రకు 2020 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అదే ఏడాది చివర్లో దీని జెనెరిక్ రకాన్ని పేద, మధ్య ఆదాయ దేశాలకు ఒక్కో బిడ్డకు ఏడాదికి 36 డాలర్ల ధరకే ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. ప్రపంచ దేశాలకు వెళ్లే హెచ్ఐవీ జెనెరిక్ మందుల్లో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న అరబిందో, హెటెరో కంపెనీల పాత్ర కూడా ఉంది.

మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఏఆర్టీ మందులు ఉచితంగా ఇస్తోంది. పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం 2006లో మొదలైంది. ఇప్పుడు వయసు, బరువును బట్టి డోలుటెగ్రావిర్ ఆధారిత మందులు ఇస్తున్నారు. అయితే గతంలో ఏళ్ల తరబడి లోపినావిర్ వాడిన పిల్లలు చాలామంది ఉన్నారు. సెకండ్ లైన్ చికిత్సలో ప్రొటీజ్ ఇన్హిబిటర్లు వాడుతున్న వారూ ఉన్నారు. వీళ్ల మీద ఓ కన్నేసి ఉంచాల్సిందే.

ఎంత ఉంటే ఓకే? ఎంత దాటితే ప్రమాదం?

పెద్దల అంకెలతో పిల్లల రిపోర్టును పోల్చకూడదు. చాలా ల్యాబ్‌లు రిపోర్టు పక్కన పెద్దల పరిమితులే ముద్రిస్తాయి. వైద్యులు ఎక్కువగా అనుసరించే అమెరికా 2011 పిల్లల మార్గదర్శకాల ప్రకారం, డెసిలీటర్ రక్తంలో మిల్లీగ్రాముల లెక్కన పరిమితులు ఇలా ఉంటాయి.

- టోటల్ కొలెస్ట్రాల్: 170 లోపు మంచిది. 170 నుంచి 199 వరకు సరిహద్దు. 200, ఆ పైన ఎక్కువ.
- ఎల్‌డీఎల్: 110 లోపు మంచిది. 110 నుంచి 129 సరిహద్దు. 130, ఆ పైన ఎక్కువ.
- హెచ్‌డీఎల్: 45 పైన ఉంటే మంచిది. 40 కంటే తగ్గితే తక్కువ అని అర్థం.
- ట్రైగ్లిజరైడ్స్, తొమ్మిదేళ్ల వరకు: 75 లోపు మంచిది. 100, ఆ పైన ఎక్కువ.
- ట్రైగ్లిజరైడ్స్, 10 నుంచి 19 ఏళ్లు: 90 లోపు మంచిది. 130, ఆ పైన ఎక్కువ.

ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే మాత్రం ఆలస్యం చేయకూడదు. పాంక్రియాస్‌కు వాపు వచ్చే ముప్పు ఉంటుంది. పై పొట్టలో భరించలేని నొప్పి, ఆగకుండా వాంతులు ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇదే మార్గదర్శకాల్లో హెచ్ఐవీని భవిష్యత్తులో గుండె జబ్బు ముప్పును పెంచే పరిస్థితుల జాబితాలో చేర్చారు. అంటే ఈ పిల్లల్లో సరిహద్దు అంకెను కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

ఒక్క రిపోర్టుతో నిర్ణయానికి రావొద్దు

ఉదయం ఇడ్లీ తినిపించి, దారిలో జ్యూస్ తాగించి రక్తం ఇస్తే ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగానే చూపిస్తాయి. తొలి పరీక్ష తిన్న తర్వాత చేసినా పర్లేదు. కానీ అంకె ఎక్కువ వస్తే, 8 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా మరోసారి చేయించాలి. మంచినీళ్లు తాగొచ్చు. హెచ్ఐవీ మందు టైం మాత్రం తప్పకూడదు. పరీక్ష రోజు మందు ఎప్పుడు వేయాలో ముందే ఏఆర్టీ సెంటర్‌లో అడిగి తెలుసుకోవాలి.

జ్వరం వచ్చి తగ్గిన కొద్ది రోజులకే పరీక్ష చేస్తే అంకెలు తేడాగా రావొచ్చు. యుక్తవయసులోకి వచ్చే దశలో కొలెస్ట్రాల్ సహజంగానే కాస్త తగ్గి, తర్వాత మళ్లీ పెరుగుతుంది. అందుకే కనీసం రెండు రిపోర్టులు చూశాకే వైద్యులు ఓ అంచనాకు వస్తారు.

సాధారణంగా చికిత్స మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలైన లేదా మందు మార్చిన మూడు నుంచి ఆరు నెలల్లో మరోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి లిపిడ్ ప్రొఫైల్ చేయిస్తారు. అంకెలు ఎక్కువగా ఉంటే ఇంకా తరచుగా చేయాల్సి వస్తుంది.

అంకె నిజంగానే ఎక్కువని తేలితే హెచ్ఐవీ మందు ఒక్కటే కారణమని అనుకోవద్దు. థైరాయిడ్ తగ్గినా, షుగర్ ఉన్నా, కిడ్నీ నుంచి ప్రొటీన్ పోతున్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కుటుంబంలో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారు ఉంటే వంశపారంపర్య కారణం కూడా ఉండొచ్చు. తల్లిదండ్రులు లేని పిల్లల విషయంలో ఈ సమాచారం డాక్టర్‌కు చెప్పగలిగేది పెంచుతున్న బంధువులే.

మందు ఆపితే గుండెకు మేలు జరుగుతుందా?

అస్సలు జరగదు. ఇంట్లోవాళ్లు చేసే అతిపెద్ద పొరపాటు ఇదే.

దీనికి గట్టి ఆధారమే ఉంది. స్మార్ట్ అనే పెద్ద ట్రయల్‌లో 33 దేశాలకు చెందిన 5,472 మంది పెద్దలు పాల్గొన్నారు. మందుల సైడ్ ఎఫెక్ట్స్ తగ్గుతాయేమో అని కొందరికి మధ్యమధ్యలో మందు ఆపి చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. మందు ఆపిన వారిలోనే మరణాలు ఎక్కువ. గుండె సమస్యలు తగ్గాల్సింది పోయి, అవి కూడా వారిలోనే ఎక్కువగా కనిపించాయి. వైరస్ మళ్లీ లేస్తే ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుంది, అది రక్తనాళాలను దెబ్బతీస్తుంది.

పిల్లల్లో పరిస్థితి ఇంకా సున్నితం. చికిత్స లేకపోతే పుట్టుకతో హెచ్ఐవీ సోకిన పిల్లల్లో దాదాపు సగం మంది రెండేళ్లు నిండకుండానే చనిపోతారు. దక్షిణాఫ్రికాలో జరిగిన చెర్ ట్రయల్‌లో నెలల పసికందులకు వెంటనే ఏఆర్టీ మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గాయని 2008లో తేలింది. పైగా మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే వైరస్ మందుకు లొంగకుండా పోవచ్చు. పిల్లలకు ఉన్న మందుల ఎంపికలే తక్కువ. ఒకటి పోగొట్టుకుంటే ఆ నష్టం జీవితాంతం ఉంటుంది.

కొలెస్ట్రాల్ చేసే నష్టం ఏళ్ల మీద కనిపిస్తుంది. మందు ఆపితే జరిగే నష్టం నెలల్లోనే కనిపిస్తుంది. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి.

మరి పట్టించుకోకపోతే ఏమవుతుంది?

అలాగని వదిలేయడానికీ లేదు. రక్తనాళాల్లో కొవ్వు చారలు ఏర్పడటం బాల్యంలోనే మొదలవుతుందని అమెరికాలోని బోగలూసా అధ్యయనం ఎప్పుడో చూపించింది. మామూలు పిల్లల్లోనే అలా ఉంటే, పుట్టినప్పటి నుంచి వైరస్, దశాబ్దాల పాటు మందులు ఉన్న పిల్లల్లో ముప్పు ఇంకాస్త ఎక్కువ. ఒకప్పుడు పదేళ్లు బతికితే చాలనుకున్న పిల్లలు ఇవాళ డిగ్రీలు చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. వాళ్లకు 40 ఏళ్లు వచ్చేసరికి గుండె గట్టిగా ఉండాలంటే జాగ్రత్త ఇప్పుడే మొదలవ్వాలి.

తిండి విషయంలో ఏం చేయాలి?

మొదటి మెట్టు తిండి, ఆట. సాధారణంగా ఆరు నెలల పాటు వీటితోనే ప్రయత్నిస్తారు. కానీ పెద్దవాళ్లకు చెప్పే పథ్యం పిల్లలకు పెట్టకూడదు. రెండేళ్ల లోపు పిల్లలకు కొవ్వు తగ్గించనే కూడదు. బరువు తక్కువ ఉన్న పిల్లలకు కడుపు మాడిస్తే ఎదుగుదల ఆగిపోతుంది. అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే గుడ్డును కొలెస్ట్రాల్ భయంతో డాక్టర్ చెప్పకుండా మాన్పించొద్దు.

తగ్గించాల్సినవి ఇవి. వనస్పతితో చేసే బేకరీ పఫ్‌లు, క్రీమ్ బన్‌లు, బిస్కెట్లు. ఒకసారి కాచిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేయించే బజ్జీలు, పునుగులు. ప్యాకెట్ చిప్స్. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ ఉంటే కూల్ డ్రింక్స్, ప్యాకెట్ జ్యూస్‌లు, స్వీట్లు ముందుగా ఆపాలి.

పెంచాల్సినవి మన వంటింట్లోనే ఉన్నాయి. పప్పు, ఆకుకూరలు, చిక్కుడు, బెండకాయ, శనగలు, పెసలు. తెల్లన్నంతో పాటు జొన్న రొట్టె, రాగి సంగటి. వేపుడు బదులు చేపల పులుసు. గుప్పెడు వేరుశనగలు. జామ, బొప్పాయి లాంటి పళ్లు. ఇవేవీ ఖరీదైనవి కావు.

రోజుకు కనీసం గంట ఆట ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కబడ్డీ అయినా, సైకిల్ అయినా, తాడాట అయినా సరే. ఇంట్లో చుట్ట, బీడీ, సిగరెట్ పొగ పిల్లల ఊపిరిలోకి వెళ్లకూడదు. ఆ పొగ కూడా రక్తనాళాలకు శత్రువే.

తిండితో తగ్గకపోతే?

రెండో మెట్టు మందు మార్పు. లోపినావిర్ వాడుతున్న పిల్లల వైరల్ లోడ్ అదుపులో ఉంటే, వయసు, బరువు, గత చికిత్స చరిత్ర చూసి కొవ్వుల మీద ప్రభావం తక్కువున్న మందుకు మార్చే అవకాశాన్ని ఏఆర్టీ డాక్టర్ పరిశీలిస్తారు. ఇది అక్కడే జరగాల్సిన నిర్ణయం. బయట మందుల షాపులో అడిగి మార్చేది కాదు.

మూడో మెట్టు స్టాటిన్ మాత్రలు. సాధారణంగా పదేళ్లు దాటిన పిల్లల్లో, ఎల్‌డీఎల్ బాగా ఎక్కువగా ఉండి, మిగతావేవీ పనిచేయనప్పుడే ఆలోచిస్తారు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. రిటోనావిర్ ఉన్న మందులు వాడేవారు సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ అస్సలు వాడకూడదు. రిటోనావిర్ వల్ల వాటి మోతాదు రక్తంలో విపరీతంగా పెరిగి కండరాలు దెబ్బతింటాయి, కిడ్నీల మీద కూడా ప్రభావం పడుతుంది. అందుకే వేరే డాక్టర్ దగ్గరకు వెళ్లినా, పిల్లలు వాడుతున్న మందుల పేర్లన్నీ చెప్పాలి. కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని ఎవరో చెప్పిన చూర్ణాలు, కషాయాలు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.

మరో చిన్న జాగ్రత్త. డోలుటెగ్రావిర్ వాడే పిల్లలకు ఐరన్, కాల్షియం మాత్రలు ఖాళీ కడుపున ఒకేసారి వేస్తే హెచ్ఐవీ మందు సరిగ్గా ఒంటికి పట్టదు. రెండింటి టైమింగ్ ఎలా ఉండాలో సెంటర్‌లో అడగాలి.

టీనేజ్ పిల్లల మనసూ చూడాలి

కొందరు పిల్లల్లో కొవ్వు చోటు మారుతుంది. బుగ్గలు లోపలికి పోతాయి, చేతులు, కాళ్లు సన్నబడతాయి, పొట్ట ముందుకొస్తుంది. దీన్ని లిపోడిస్ట్రోఫీ అంటారు. పాత మందులు ఎక్కువ కాలం వాడిన వారిలో ఇది కనిపిస్తుంది. తోటి పిల్లలు ఏడిపిస్తారని కొందరు టీనేజర్లు ఎవరికీ చెప్పకుండా మాత్రలు పారేస్తుంటారు. పైకి మామూలుగానే ఉంటారు, వైరల్ లోడ్ మాత్రం పెరిగిపోతుంది. 'నీ ఒంట్లో ఏదైనా మార్పు ఇబ్బంది పెడుతోందా?' అని కోప్పడకుండా అడగడం చాలా అవసరం.

పథ్యం గురించి బడిలో చెప్పాల్సి వస్తే జబ్బు పేరు చెప్పాల్సిన పనిలేదు. 2017లో చేసి, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆ సమాచారం గోప్యం. హెచ్ఐవీ ఉందన్న కారణంతో చదువులో వివక్ష చూపడం చట్టవిరుద్ధం.

ఈసారి సెంటర్‌కు వెళ్లినప్పుడు అడగాల్సినవి

- మా పిల్లాడికి లిపిడ్ ప్రొఫైల్ చివరిసారి ఎప్పుడు చేశారు? మళ్లీ ఎప్పుడు?
- ఈ అంకె పిల్లల పరిమితి ప్రకారం ఎక్కువా, పెద్దల పరిమితి ప్రకారమా?
- ఇప్పుడు వాడే మందుల్లో కొవ్వు పెంచేది ఏది? మార్చే వీలుందా?
- థైరాయిడ్, షుగర్, కిడ్నీ పరీక్షలు అవసరమా?
- బరువు, ఎత్తు వయసుకు తగ్గట్టు ఉన్నాయా?

సందేహాలుంటే నాకో టోల్ ఫ్రీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు. మళ్లీ సెంటర్‌కు వెళ్లేదాకా మాత్ర మాత్రం రోజూ అదే టైంకు వేయాలి. రిపోర్టులో అంకె పెరిగితే దాన్ని తగ్గించే దారులు చాలానే ఉన్నాయి.